పొద్దున లేచిన కట్టర్ మధ్యాహ్నం ఎందుకు మొరాయిస్తుంది?

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ చుట్టుపక్కల, చేవెళ్ల నుంచి ఘట్‌కేసర్ దాకా, యాసంగి వరి కోతకొస్తుంది. ఒకపక్క ఎండ 40 డిగ్రీలు దాటుతుంటుంది. మరోపక్క ఏ సాయంత్రం గాలివాన వచ్చి వడ్లు రాలిపోతాయోనని రైతుకు టెన్షన్. సరిగ్గా అప్పుడే కోత మిషన్ ముందున్న కట్టర్ పైకి లేవనంటుంది. డ్రైవర్ బటన్ నొక్కుతాడు, ఏమీ కదలదు. దిగి పానాతో వాల్వ్ మీద రెండు దెబ్బలు వేస్తే లేస్తుంది. ఇంకో గంటకు మళ్లీ అదే తంతు. చివరికి ఆ వాల్వ్‌కు తొడిగిన కాయిల్, అంటే రాగి తీగ చుట్ట, విప్పి కవర్‌లో వేసుకుని ఎవరో ఒకరు బండి మీద, విడిభాగాలు దొరికే రాణిగంజ్ బయలుదేరతారు. కొత్త కాయిల్ వస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక బిగిస్తారు, మిషన్ పనిచేస్తుంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కట్టర్ మళ్లీ మొండికేస్తుంది.

డబ్బు పోయింది, ఒక పూట పోయింది, లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కరెంటు అందితే ఆయిల్ దారి తెరిచే ఈ సొలినాయిడ్ వాల్వుల విషయంలో ఇలా జరగడానికి కారణం లేకపోలేదు. ఆ వాల్వ్ సగం కరెంటు వస్తువు, సగం ఆయిల్ వస్తువు. ఏ సగం చెడినా బయటికి కనిపించేది ఒక్కటే, బటన్ నొక్కితే పని జరగదు. పానా దెబ్బకు కదిలిందన్న మాట వల్ల కూడా తేలేదేమీ లేదు. ఆ దెబ్బకు లోపల ఇరుక్కున్న స్పూల్, అంటే జరుగుతూ ఆయిల్ దారిని తెరిచే కడ్డీ, వదులై ఉండొచ్చు, లేదా సాకెట్‌లో తుప్పు పట్టిన పిన్ను కాసేపు సరిగ్గా ఆనుకుని ఉండొచ్చు. అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందు తేల్చుకోవాల్సింది లోపం కరెంటు వైపా, ఆయిల్ వైపా అన్నది. ఇది తేల్చడానికి పెద్ద సామాను అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్, కాస్త ఓపిక చాలు.

వాల్వ్ లోపల జరిగేది బ్రహ్మవిద్యేమీ కాదు. రాగి తీగ చుట్టిన కాయిల్ ఒక స్టీలు గొట్టానికి తొడిగి ఉంటుంది. కరెంటు రాగానే ఆ గొట్టం లోపలున్న ఇనుప ప్లంజర్‌ను అయస్కాంతంలా లాగుతుంది. ప్లంజర్ స్పూల్‌ను జరుపుతుంది, స్పూల్ జరిగితే పంపు నుంచి వచ్చే ఆయిల్‌కు కట్టర్‌ని ఎత్తే జాక్ వైపు దారి తెరుచుకుంటుంది. కరెంటు ఆగితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. కట్టర్‌ని ఎత్తే బలమంతా ఆయిల్‌ది, కాయిల్ చేసేది తలుపు తీయడమే. ఆ తలుపు తీసే బలం కొద్ది కిలోల బరువుకు మించదు. అంత తక్కువ బలంతో పనిచేస్తుంది కాబట్టే వైరులో ఒక్క ఓమ్ అడ్డంకి వచ్చినా, ఆయిల్‌లో కంటికి కనిపించని నలక వచ్చినా పని ఆగిపోతుంది. కోత మిషన్ కట్టర్, రీలు, వడ్లు దించే గొట్టం దగ్గరే కాదు, కొత్త ట్రాక్టర్లలో ఇంజన్ శక్తిని వెనక తగిలించిన పరికరానికి అందించే పీటీఓ క్లచ్చుకూ, పొలాన్ని చదును చేసే లేజర్ లెవెలర్‌కూ ఇదే సూత్రం. లెవెలర్‌లో అయితే బకెట్‌ను ఎత్తుతూ దించుతూ వాల్వ్ పని మొదలైన దగ్గర్నుంచి ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. దానికి వేడీ ఎక్కువే, అరుగుదలా ఎక్కువే.

పరీక్షకు దిగేముందు ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి. ఈ మిషన్లలో ఆయిల్ 150 నుంచి 200 బార్ ఒత్తిడితో తిరుగుతుంది. పైపుకు సూదిమొనంత రంధ్రం పడితే బయటికొచ్చే ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గాయం చీమ కుట్టినంతే ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, కానీ లోపల కండ కుళ్లిపోయి వేలో చెయ్యో తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. లీకును చేత్తో తడిమి వెతకకూడదు, అట్ట ముక్క పెట్టి చూడాలి. ఒకవేళ ఆయిల్ ఒంట్లోకి దూరితే ఆ గంటలోనే ఆపరేషన్ చేయగలిగిన పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆయిల్ ఒత్తిడితో లోపలికి వెళ్లిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. అలాగే లేచి ఉన్న కట్టర్ కిందికి, సేఫ్టీ లాక్ వేయకుండా, ఏ కారణంతోనూ దూరకూడదు. ఏదైనా విప్పాల్సి వస్తే కట్టర్‌ని నేలకు దించి, ఇంజన్ ఆపి, పైపుల్లో మిగిలిన ఒత్తిడి వదిలేశాకే విప్పాలి.

ఇక అసలు పరీక్ష. చాలా వాల్వుల్లో కాయిల్‌ను బిగించే నట్టు మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది. కొన్నిటిలో అది రబ్బరు మూత కింద దాగి ఉంటుంది. కరెంటు లేకపోయినా స్పూల్‌ను చేత్తో జరపడానికే దాన్ని పెట్టారు. కట్టర్ నేల మీద ఉండగా, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఇంజన్ నెమ్మదిగా నడుస్తుండగా, ఎత్తే వాల్వ్ పిన్నును మొద్దుమొన ఉన్న సన్నటి కడ్డీతో నొక్కాలి. కట్టర్ లేచిందంటే పంపు, ఒత్తిడి హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వ్, జాక్ అన్నీ బాగున్నట్టే, లోపం ఎక్కువగా కరెంటు వైపు ఉంటుంది. లేవకపోతే ఈ కాయిల్ జోలికి వెళ్లకుండా ఆయిల్ వైపు చూడాలి. అయితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలే ఉమ్మడి వాల్వ్ ఉన్న మిషన్‌లో, దాని సంగతి కింద వస్తుంది, దానికి కరెంటు అందకపోయినా కట్టర్ లేవదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. వేలి బలం కాయిల్ బలం కన్నా ఎక్కువ, కాబట్టి సగం ఇరుక్కున్న స్పూల్ కూడా వేలికి లొంగుతుంది. పిన్ను నూనె రాసినట్టు నున్నగా లోపలికి పోయి, వదలగానే ఠక్కున వెనక్కి రావాలి. ఇసుకలో కదిలినట్టు గరగరలాడినా, తీరిగ్గా వెనక్కి వచ్చినా కట్టర్ లేచిందని సంబరపడక్కర్లేదు.

పిన్ను కట్టర్‌ని ఎత్తింది, బటన్ మాత్రం ఎత్తడం లేదనుకుందాం. ఒకరు బటన్ నొక్కుతుంటే ఇంకొకరు కాయిల్ నట్టుకు స్టీలు స్క్రూడ్రైవర్ మొన ఆనించి చూడాలి. అయస్కాంతం లాగినట్టు పట్టు తెలియాలి. పట్టే లేకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా లోపల తీగ తెగింది. గట్టిగా పట్టి కూడా లోపల టక్కుమన్న చప్పుడు లేకపోతే ప్లంజర్ ఇరుక్కుంది. అసలు చిక్కు ఈ రెండిటి మధ్యలో వస్తుంది. పట్టు ఉంటుంది, కానీ బలహీనంగా. మధ్యాహ్నం మొరాయించే మిషన్లలో తరచూ కనిపించేది ఇదే.

దీనికి లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. 12 వోల్టుల మీద నడిచే 30 వాట్ల కాయిల్ తీసుకుందాం. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 4.8 ఓమ్‌లు. రాగి వేడెక్కితే ప్రతి డిగ్రీకి రెసిస్టెన్స్ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఏప్రిల్ ఎండలో, ఇంజన్ పక్కన, గంటల తరబడి పనిచేసే కాయిల్ 100 డిగ్రీలకు చేరడం మామూలే. అప్పుడు అదే కాయిల్ దాదాపు 6.3 ఓమ్‌లు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంటాయి కాబట్టి వైరింగ్ బాగుంటే ఈ వేడిలో కూడా 2.2 ఆంపియర్లు పారుతుంది, వాల్వ్ పనిచేస్తుంది. కాయిల్ తయారుచేసిన వాళ్లు ఇదంతా ముందే లెక్కలో వేసుకుంటారు. అందుకే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది కాబట్టి కాయిల్ పోయిందని తేల్చేయడం పొరపాటు.

ఇప్పుడు ఆ దారిలో ఎక్కడో తుప్పు పట్టి 1.3 ఓమ్‌ల అడ్డంకి చేరిందనుకుందాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 4.8కి 1.3 కలిస్తే 6.1, పారే కరెంటు 2.3 ఆంపియర్లు. కాయిల్‌కు కావాల్సింది 2.5, కాస్త తక్కువైనా వాల్వ్ లేస్తుంది. మధ్యాహ్నానికి 6.3కి 1.3 కలిస్తే 7.6, కరెంటు 1.84కి పడిపోతుంది. అయస్కాంత బలం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఉండాల్సిన బలంలో సగం కన్నా కొంచెమే ఎక్కువ మిగులుతుంది. స్ప్రింగును దాటడానికి అది చాలదు. తుప్పు పొద్దునా ఉంది, మధ్యాహ్నమూ ఉంది. ఎండ వచ్చి దాన్ని బయటపెట్టిందంతే. కొత్త కాయిల్ సాయంత్రం పనిచేసి మర్నాడు మధ్యాహ్నం ఆగిపోవడంలోని గుట్టు కూడా ఇదే.

ఈ లోపాన్ని మీటర్‌తో పట్టుకోవడంలో చాలామంది రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, సాకెట్ పీకి అందులో మీటర్ పుల్లలు పెట్టడం. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు శూన్యం, అందుకే తుప్పు పట్టిన వైరు కూడా నిండుగా 14 వోల్టులు చూపిస్తుంది. సన్నటి దారి గుండా ఒక్క మనిషి నడిచి వెళ్లినంత మాత్రాన ఎడ్లబండి పడుతుందని చెప్పలేం కదా. కాయిల్ తగిలించి, బటన్ నొక్కి ఉంచి, అప్పుడు కొలవాలి. రెండో పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. పై లెక్కలోని మధ్యాహ్నం సంగతే తీసుకుంటే, కాయిల్ తగిలించి కొలిచినా దాని దగ్గర 11.6 వోల్టులు కనిపిస్తాయి. పన్నెండు వోల్టుల కాయిల్‌కు పదకొండున్నర వస్తోంది, బాగానే ఉందిలే అనిపిస్తుంది. అదే క్షణంలో బ్యాటరీ దగ్గర 14 ఉందని గుర్తుంటే మధ్యలో మాయమైన 2.4 వోల్టులు కళ్లకు కడతాయి.

అందుకే పోయిన వోల్టులనే నేరుగా కొలవడం మేలు. బటన్ నొక్కి ఉండగా మీటర్ ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, రెండో పుల్ల కాయిల్ ప్లస్ పిన్ను మీద పెట్టాలి. తర్వాత అలాగే మైనస్ నుంచి మైనస్‌కు. వచ్చే అంకె అర వోల్టు దాటితే ఆ వైపు అడ్డంకి ఉన్నట్టే. ప్లస్ వైపు ఉంటే రిలే బేసు, ఫ్యూజు పట్టే క్లిప్పు, స్విచ్చు చూడాలి. మైనస్ వైపు ఉంటే, ఎక్కువసార్లు ఉండేది అక్కడే, బాడీకి ఎర్త్ బిగించిన బోల్టు చూడాలి. మిషన్‌కు కొత్తగా రంగు వేయించినప్పుడు ఆ బోల్టు కింద కూడా పెయింటు పడి ఉంటుంది. మీటర్ చేతిలో లేకపోతే మామూలు స్విచ్చు, రిలే ఉన్న వైరింగ్‌లో కాయిల్ బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి చూడొచ్చు. అది ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, దారి బాగుంటే ధగధగా వెలుగుతుంది, లేకపోతే మినుకుమినుకుమంటుంది.

సాకెట్‌ను దగ్గరగా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. వెనక రబ్బరు సీలు జరిపి వైరు తొడుగును ఒక అంగుళం ఒలిస్తే, ఎర్రగా మెరవాల్సిన రాగి పోగులు నల్లబడి, మధ్యలో పచ్చటి పొడి పట్టి ఉంటాయి. పైన ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరదు. ప్రెషర్ పంపుతో మిషన్ కడిగినప్పుడు దూరిన నీళ్లు, మట్టి రోడ్డు దుమ్ము, ఎరువుల ఉప్పు కలిసి చేసే పని ఇది. ఆ ముక్క కోసేసి మంచి రాగి కనిపించే దాకా వెళ్లి కొత్త టెర్మినల్ నొక్కించాలి. పోగులు మెలేసి టేపు చుట్టడం పొలంలో ఆ పూటకు సరే, సీజన్‌కు పనికిరాదు. మిషన్ షెడ్డులో నెలల తరబడి నిలబడితే ఎలుకలు వైర్లు కొరకడం కూడా మామూలే, సీటు కిందా ఇంజన్ పక్కనా ఒకసారి వేళ్లతో తడిమి చూడాలి. వెల్డింగ్ పని పెట్టుకున్నప్పుడు బ్యాటరీ వైర్లు, కంప్యూటర్ బాక్సు సాకెట్లు పీకేయకపోతే ఆ కరెంటుకు లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు.

ఇక ఆయిల్ వైపు. మొదట అడగాల్సింది, ఒక్క పనే ఆగిందా, అన్నీ ఆగాయా అని. కట్టర్, రీలు, గొట్టం అన్నీ ఒకేసారి ఆగిపోతే ఒక్కో వాల్వ్ విప్పుకుంటూ పోవడం వృథా. చాలా మిషన్లలో ఏ పనీ లేనప్పుడు పంపు ఆయిల్‌ను తిరిగి ట్యాంకుకే పంపే ఉమ్మడి వాల్వ్ ఒకటి ఉంటుంది. ఏ బటన్ నొక్కినా దానికి కూడా కరెంటు వెళ్లి అది మూసుకుంటేనే ఒత్తిడి పుడుతుంది. అది మొరాయిస్తే మిగతావన్నీ బాగున్నా పని జరగదు. దానికన్నా ముందు ట్యాంకులో ఆయిల్ మట్టం, సీటు స్విచ్చు, రోడ్డు-పొలం స్విచ్చు చూసుకోవాలి. అన్ని పనులూ జరుగుతూనే, ఆయిల్ వేడెక్కాక మందగిస్తే అది చాలావరకు పంపు అరుగుదల. పలచబడ్డ ఆయిల్ పంపులోనే వెనక్కి జారిపోతుంటుంది. డబ్బా మీద కనిపించే 46, 68 నంబర్లు 40 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతాయి, మిషన్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

ఒక్క వాల్వే ఇరుక్కుంటే చాలాసార్లు నలకే కారణం. స్పూల్‌కూ దాని గూటికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం, కంటికి ఆనే నలక 40 మైక్రాన్ల దగ్గర మొదలవుతుంది. అంటే గాజు గ్లాసులో పోసి ఆయిల్ శుభ్రంగానే ఉందని చెప్పే మాటకు ఇక్కడ విలువ లేదు. కొత్త డ్రమ్ములోంచి తీసిన ఆయిల్‌లో కూడా వాల్వ్‌కు పడని నలకలు ఉండొచ్చు. కంటికి తెలిసేది ఒకటుంది, ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, మార్చాల్సిందే.

ఈ నలకలు వచ్చే దారుల్లో అందరూ మరిచిపోయేది కొత్త హోస్ పైపు. పైపు పగిలితే కొలత పట్టుకుని షాపుకెళ్తారు, అక్కడ తిరిగే చక్రంతో పైపును కోసి, చివర్లకు ఫిట్టింగులు నొక్కి, పదిహేను నిమిషాల్లో చేతికిస్తారు. ఆ పైపు లోపల వేలు పెట్టి తిప్పితే నల్లటి రబ్బరు పొడి, స్టీలు తీగల రజను వేలికి అంటుకుంటాయి. పొలంలో ఆత్రంగా బిగించి ఇంజన్ స్టార్ట్ చేయగానే అదంతా నేరుగా పక్క వాల్వ్‌లోకి పోతుంది. వారం తర్వాత వాల్వ్ ఇరుక్కుంటే పైపు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫిట్టింగులు నొక్కకముందే పైపు లోపల శుభ్రం చేయమని షాపులో అడగాలి, చివర్లకు మూతలు పెట్టించుకుని తేవాలి. ట్రాలీలు, లెవెలర్లు ఒక ట్రాక్టర్ నుంచి ఇంకో ట్రాక్టర్‌కు మారేటప్పుడు మట్టిలో పడి ఉన్న కప్లర్ (పైపును ట్రాక్టర్‌కు కలిపే ఫిట్టింగు) మొన తుడవకుండా గుచ్చడం కూడా ఇలాంటిదే.

ఇరుక్కున్న వాల్వ్‌ను విప్పేముందు చుట్టూ బ్రష్షుతో, డీజిల్‌తో బాగా కడగాలి, లేకపోతే తీసే నలక కన్నా వేసే మట్టి ఎక్కువవుతుంది. బయటికి తీశాక శుభ్రమైన ఆయిల్‌లో ముంచి, ప్లాస్టిక్ పుల్లతో స్పూల్‌ను పదిసార్లు జరిపితే చాలాసార్లు వదులవుతుంది. కాటన్ వేస్టుతో తుడవకూడదు, ఆ పోగులే లోపల చేరతాయి. ఎమరీ కాగితం అసలు ముట్టించకూడదు. స్పూల్ అంచులు కత్తిలా పదునుగా ఉంటేనే ఆయిల్ దారి సరిగ్గా మూసుకుంటుంది. ఓ-రింగులు తెగినవి ఉంటే మార్చి, ఆయిల్ రాసి బిగించాలి. ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది. పొడుగు పానా పెట్టి, ఊపిరి బిగబట్టి నట్టు బిగిస్తారు. కాయిల్ నట్టుకు కావాల్సిన బిగువు చాలా తక్కువ. అతిగా బిగిస్తే సన్నటి గొట్టం సాగి, లోపల ప్లంజర్ పట్టేస్తుంది. బాగున్న వాల్వ్‌ను అలా చేజేతులా పాడుచేసుకున్నట్టవుతుంది.

కట్టర్ లేస్తుంది కానీ గంటలో కిందికి జారిపోతోందంటే అది కాయిల్ జబ్బు కాదు. ఆయిల్‌ను పట్టి ఉంచే చెక్ వాల్వ్ సీటులో నలకో, జాక్ సీలు అరుగుదలో కారణం. జాయ్‌స్టిక్‌ను ఎంత వంచితే అంత వేగంగా కదిలే ప్రపోర్షనల్ వాల్వులు వేరే జాతి. వాటికి కంట్రోలర్ కరెంటును ముక్కలు ముక్కలుగా కొలిచి పంపుతుంది. వోల్టులు చూసి ఏమీ తేల్చలేం, వరుసలో మీటర్ పెట్టి ఆంపియర్లే చూడాలి. నేరుగా బ్యాటరీ తగిలిస్తే కాయిల్ పాడవొచ్చు.

నిజంగానే కాయిల్ పోయిందని మీటర్ చెప్పిందనుకుందాం. తెగితే రెసిస్టెన్స్ అనంతంగా చూపిస్తుంది, లోపల షార్ట్ అయితే ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ. అప్పుడు రాణిగంజ్ ప్రయాణం సార్థకమే, కానీ పాత కాయిల్‌ను తప్పనిసరిగా వెంట తీసుకెళ్లాలి. రంధ్రం వ్యాసం, ఎత్తు, సాకెట్ రకం, వోల్టులు, వాట్లు అన్నీ కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉండే 24 వోల్టుల కాయిల్‌ను 12 వోల్టుల మిషన్‌కు పెడితే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, పట్టు తెలుస్తుంది కానీ వాల్వ్ కదలదు. అదే 12 వోల్టుల కాయిల్‌ను 24 వోల్టుల మిషన్‌కు పెడితే నాలుగింతల వేడితో మాడిపోతుంది. కొన్ని కాయిల్స్‌లో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటుంది, వాటికి ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. కొత్త కాయిల్ పెట్టగానే ఫ్యూజు పోతే మొదట చూడాల్సింది అదే. డయోడ్ ఉన్న చోట లేనిది తెచ్చి పెడితే, బటన్ వదిలిన ప్రతిసారీ కాయిల్ ఎగదన్నే వోల్టేజీకి కంట్రోలర్ దెబ్బతినొచ్చు.

ఈ కొలతలన్నీ కోతల మధ్యలో, ఎండలో, నలుగురు చుట్టూ నిలబడి తొందరపెడుతుంటే తీయడం కష్టం. వానాకాలం కోతలు ముగిసి మిషన్ షెడ్డుకు చేరాక ఒక పూట కూర్చుంటే చాలు. ఒక్కో కాయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓమ్‌లు, బటన్ నొక్కితే ప్లస్ వైపు ఎన్ని వోల్టులు పోతున్నాయి, ఎర్త్ వైపు ఎన్ని పోతున్నాయి అని టూల్ బాక్సు మూత లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టుకోవచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం కట్టర్ ఆగినప్పుడు మీటర్ చూపించే అంకెను ఆ మూత మీది అంకెతో పోల్చి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.